సర్ఫ్ సంగీతానికి ఏ సంవత్సరపు యాంప్లిఫయరు నకలు కొనాలి?

1960ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలో పుట్టిన సర్ఫ్ సంగీతాన్ని గిటారు మీద వాయించాలనుకునేవారికి దుకాణాలవారూ, తోటి వాద్యకారులూ తరచుగా సూచించేది ఫెండర్ కంపెనీ తన 1965 నాటి నమూనా ప్రకారం మళ్లీ తయారుచేస్తున్న 65 ట్విన్ రివర్బ్ యాంప్లిఫయరు. అది మంచి యాంప్లిఫయరే గాని, 1965 నాటికి సర్ఫ్ సంగీతపు ఉధృతి చాలావరకు తగ్గిపోయింది. దక్షిణ కాలిఫోర్నియాలో గిటారు వాద్యకారుడు డిక్ డేల్ బల్బోవాలోని రాండెవూ బాల్‌రూమ్‌ను యువజనంతో నింపినదీ, శాంటా ఆనా కుర్రాళ్ల బృందం షాంటేస్ 'పైప్‌లైన్' వాయించినదీ 1961, 1963ల మధ్యనే. 1964లో బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టాక యువతరం అభిరుచి మరో దారి పట్టింది. అందువల్ల తొలినాటి ధ్వని కావలసినవారు, తాము కొనే నకలు ఏ సంవత్సరపు యంత్రానిదో ముందుగా చూసుకోవాలని నా అభిప్రాయం.

ఆ మూడేళ్లకు చెందిన యాంప్లిఫయరు ఫెండర్ షోమాన్. డేల్ చాలా లావైన తీగలు కట్టి, నిండిన హాలు దద్దరిల్లేలా వాయించేవాడు. ఆ ధాటికి యాంప్లిఫయర్లూ, స్పీకర్లూ కాలిపోతుంటే, సమీపంలోని ఫుల్లర్టన్‌లో కర్మాగారం నడుపుతున్న లియో ఫెండర్ అతని అవసరానికి తగినట్టుగా దీనిని రూపొందించాడు. శక్తినిచ్చే దశలో నాలుగు 6ఎల్6 వాక్యూమ్ ట్యూబులు, విడిగా ఉండే పెట్టెలో పదిహేను అంగుళాల జేబీఎల్ స్పీకరు ఉండేవి. ఎంత పెంచినా స్వరం పగలకుండా, అంటే బొంగురుపోకుండా, శుభ్రంగా నిలవడమే దాని లక్ష్యం. త్వరగా పగిలే స్వరం కోసం పాత యాంప్లిఫయర్లను వెతికే రాక్ వాద్యకారుల సలహాలు ఇక్కడ పనికిరావు.

షోమాన్‌లో రివర్బ్, అంటే స్వరం వెనుక మోగే ప్రతిధ్వని, లేదు. డేల్ 1961లో విడుదల చేసిన 'లెట్స్ గో ట్రిప్పిన్' రికార్డులో కూడా అది వినిపించదు. మనం నేడు సర్ఫ్ అనగానే తలచుకునే ఆ తడి శబ్దం, అదే ఏడాది ఫెండర్ విడిగా అమ్మడం మొదలుపెట్టిన 6జి15 అనే రివర్బ్ పెట్టెతో వచ్చింది. గిటారు నుంచి వచ్చే సంకేతం ముందు ఈ పెట్టెలోకి, ఆ తరువాతే యాంప్లిఫయరులోకి వెళుతుంది. లోపల 6కె6 అనే శక్తి ట్యూబు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా స్ప్రింగులను కదిలిస్తే, రెండో కొసన ఉన్న గ్రాహకం ఆ కంపనాన్ని తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది. స్ప్రింగులను ఎంత బలంగా తాకించాలో డ్వెల్ అనే మీట, ఆ ధ్వనిని ఎంత కలపాలో మిక్సర్, దాని పదునును టోన్ నిర్ణయిస్తాయి. ట్విన్ రివర్బ్‌లో డ్వెల్ లేదు. స్ప్రింగులను నడిపేది 12ఏటీ7 అనే చిన్న ట్యూబు. పైగా అక్కడ రివర్బ్, సంకేతాన్ని తొలుత పెంచే ప్రీయాంప్ దశల మధ్యలో కలుస్తుంది. అరచేత్తో తీగలను అదిమి వేగంగా మీటినప్పుడు, నూతిలో చేద నీటిని తాకినట్టు 'బుడుంగ్' మనే ఆ శబ్దం విడి పెట్టెలో పలికినంత స్ఫుటంగా అందులో పలకదు.

కాబట్టి డబ్బు పరిమితంగా ఉంటే ముందు రివర్బ్ పెట్టెకే కేటాయించి, శుభ్రంగా పలికే ఏ యాంప్లిఫయరుతోనైనా సరిపెట్టుకోవచ్చు. ఈ పెట్టెకు ఫెండర్ స్వయంగా చేసిన నకలు ఉంది. చేతితో వైరింగు చేసి ఇచ్చే చిన్న తయారీదారులూ ఉన్నారు. ఫెండర్ నకలులో 6కె6 బదులు 6వి6 వాడారని కొందరు పెదవి విరుస్తారు గాని, నా చెవికి అది పెద్ద లోపంగా తోచదు. చేతి వైరింగు వల్ల మరమ్మతు సులభమవుతుందేమో గాని ధ్వని మారుతుందని నేను నమ్మను. పెట్టె పైనుండే తెల్లటి తొడుగు సంగతి చెప్పనే అక్కరలేదు, అది కంటికి మాత్రమే.

అమెరికా నుంచి తెచ్చుకునేవారు ఒక విషయం గమనించాలి: పెట్టెకూ, యాంప్లిఫయరుకూ వేర్వేరు విద్యుత్ తీగలుంటాయి గనుక, 120 వోల్టుల యంత్రాలైతే మన 230 వోల్టులకు ఆ రెండింటి భారాన్నీ మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తీసుకోవాలి. పెట్టెను స్పీకరు మీద పెడితే ఆ అదురుకు స్ప్రింగులు కదిలి ఊళ పుడుతుంది. పక్కనే ఒక కుర్చీ వేసి దాని మీద ఉంచితే చాలు.