నాక్ అప్ ఉప్మా

"నాన్నా, నా ఫ్రెండ్స్ ముందు ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ప్రామిస్ చెయ్యి."

మా పెద్దది ఇంత సీరియస్ అయ్యేలా నేనన్నది బూతేం కాదు. స్లీపోవర్‌కి వచ్చిన పిల్లలకి ఆకలేస్తుందని, పొద్దున్నే "ఐ విల్ నాక్ అప్ సమ్ ఉప్మా" అన్నాను. అందులో ఒకమ్మాయికి పాలు పొలమారాయి.

మేం ఇంగ్లండులో, రెడింగ్‌లో ఉన్నప్పుడు నాక్ అప్ అంటే ఉన్నవాటితో గబగబా ఏదో ఒకటి వండేయడం. తలుపు తట్టి నిద్ర లేపడం కూడా అదే, టెన్నిస్ మ్యాచికి ముందు కాసేపు బంతి కొట్టుకోవడమూ అదే. ఇక్కడ డాలస్‌లో మాత్రం, కాస్త మోటుగా, ఆడపిల్లకి కడుపు చెయ్యడం. ఉప్మాకి అసలే మన ఇళ్ళల్లో గౌరవం తక్కువ, పైగా ఇదొకటి.

నేను వదల్లేదు. అలారం గడియారాలు అందరిళ్ళల్లో లేని రోజుల్లో లాంకషైర్ మిల్లు ఊళ్ళలో నాకర్-అప్ అనే వృత్తే ఉండేదనీ, పొడుగాటి కర్రతో మేడమీది కిటికీ తట్టి కార్మికుల్ని లేపేవాళ్ళనీ, అందుకు వారానికి కొన్ని పెన్నీలు తీసుకునేవాళ్ళనీ క్లాసు పీకాను. అంతా విని "కూల్. కానీ అనకు" అంది.

వాష్ అప్‌తోనూ ఇదే గోల. అక్కడ అది అంట్లు తోమడం, ఇక్కడ చేతులూ మొహం కడుక్కోవడం. అన్నాలయ్యాక ఆ మాట అంటే మా చిన్నాడు చేతులు కడుక్కుని దర్జాగా వెళ్ళిపోతాడు. సింకు నిండా గిన్నెలు. వాడికి నిజంగా అర్థం కాదంటే నేను నమ్మను.

మాలాగా దేశాలు మారినవాళ్ళకి నేను చెప్పేది, రెండర్థాలూ పిల్లలకి సిగ్గుపడకుండా చెప్పెయ్యమని. సలహా బానే ఉంది. ఆఫీసులో మాత్రం ఎవరూ నవ్వకముందే ఫారం "ఫిల్ ఇన్" మానేసి "ఫిల్ అవుట్" అంటున్నాను. ఇంటికొచ్చి అదే నోటితో "కల్లు కాదురా, కళ్ళు!" అని పిల్లల మీద పడతాను.

పెద్దదాని బ్రిటిష్ యాస ఒక్క వేసవి కూడా ఆగలేదు. బళ్ళో ఎవరైనా వెక్కిరించారా అని నేనడగలేదు. శ్రీకాకుళం నుంచి హైదరాబాదు హాస్టలుకి వెళ్ళాక నా "ఏటి", నా "బేగి" ఎలా పోయాయో నాకు తెలుసు. ఇప్పుడవి అమ్మతో మాట్లాడేటప్పుడే బయటికొస్తాయి.

మొన్న ఫోన్లో "బేగి తొంగో అమ్మా" అంటుంటే పెద్దది విని, అంటే ఏంటంది. త్వరగా పడుకోమని, అన్నాను.

"మరి మాకెప్పుడూ నేర్పలేదే?"

"అది మంచి తెలుగు కాదులే" అని నోటికొచ్చేసింది.

"ఎవరన్నారు?"

హాస్టల్లో నా పక్క మంచం వాడు అన్నాడని ఏం చెప్పను!