ట్రాలీ ఆటోకు రేంజ్ ఎక్స్‌టెండర్: మన్యంకొండ ఘాట్‌లో మళ్లీ కట్

మళ్లీ అదే తంటా! నా బ్యాటరీ ట్రాలీ ఆటోకు దారిలో చార్జ్ చేసే చిన్న పెట్రోల్ జనరేటర్ (రేంజ్ ఎక్స్‌టెండర్) పెట్టుకున్నా. డిస్‌ప్లేలో 31 శాతం ఉండగానే ఘాట్ మధ్యలో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కరెంటు కట్ చేసింది. జనరేటర్ లేవాల్సింది 30 దగ్గర, కాబట్టి అది పలకనే లేదు. ప్యాక్ 16 సెల్స్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), 100 ఏహెచ్ (ఆంపియర్ గంటలు). తర్వాత నింపితే 88 ఏహెచ్ ఎక్కింది. అంటే అసలు ఉన్నది 12 శాతమే.

దొంగ హాల్ సెన్సరే, అంటే తీగ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రంతో కరెంటును కొలిచేది; డిస్‌ప్లేలో శాతం లెక్క దాని మీదే. ఆంపియర్‌కు 20 మిల్లీవోల్టులిచ్చే రకం. బండి ఆపి కరెంటు సున్నా ఉన్నప్పుడు చూస్తే పొద్దున 0.2 ఆంపియర్లు, మధ్యాహ్నం ఎండకు జనరేటర్ ఇంజిన్ పక్క పెట్టె కాగాక 1.1. అదీ చార్జింగ్ వైపు! ఆరు గంటలు నిలబెడితే లేని 6.6 ఏహెచ్ లెక్కలో చేరుతుంది. ప్యాక్ పూర్తిగా నిండేదాకా పేరుకుంటూనే ఉంటుంది. వోల్టేజీతో సరిచేద్దామంటే ఎల్ఎఫ్‌పీలో 40 నుంచి 60 శాతం దాకా సెల్‌కు తేడా 30 మిల్లీవోల్టుల లోపే. పైగా ఎక్కుడులో 95 ఆంపియర్లు లాగితే నీరస సెల్ ఒక్కటే 0.3 వోల్టు దిగుతోంది.

ఎండలో తిరిగే బండికి హాల్ సెన్సర్ దండగ. ఇప్పుడు 200 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టుల షంట్ (కరెంటును కొలిచే చిన్న నిరోధకం), దాన్ని చదివే చిప్ ఐఎన్ఏ226. ఈ చిప్‌లో వోల్టేజీ కొలిచే బస్ పిన్ 36 వోల్టులే తట్టుకుంటుంది, అందుకే షంట్ నెగటివ్ వైపు, వోల్టేజీకి దాన్ని తగ్గించి చూపే వేరే డివైడర్. డీసీ-డీసీ కన్వర్టర్ (లైట్లకు తక్కువ వోల్టేజీ ఇచ్చేది), చార్జర్ నెగటివ్‌లు కూడా షంట్ దాటాకే కలపాలి, లేదంటే హెడ్‌లైట్ కరెంటు లెక్కలోకే రాదు. 56 వోల్టుల దగ్గర కరెంటు 5 ఆంపియర్ల లోపు పది నిమిషాలుంటే 100కు రీసెట్.

ఇంకా 3 శాతం తేడా మిగిలింది. 100 అని రాసిన ప్యాక్ నిజానికి 96, 97 ఏహెచే ఇస్తోందని అనుమానం. హీటర్ లోడ్ పెట్టి ఖాళీ చేసి కొలవాలి.

చార్జర్ లోడుకు జనరేటర్ ట్రిప్ అవుతుండేది; పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న చార్జర్ పెట్టాక అది బంద్.

ఇక మిగిలింది ఫోన్ లింక్, అంటే జనరేటర్ ఎప్పుడు లేవాలో ఫోన్ దారి చూసి చెప్పడం. ఘాట్‌లో 4.7 కిలోవాట్లు పోతుంటే జనరేటర్ ఇచ్చేది 1.4, అక్కడ లేపి లాభం లేదు. 800 కిలోల బండికి ప్రతి 100 మీటర్ల ఎత్తుకు నష్టాలతో కలిపి 5 శాతం కావాలి. జీపీఎస్ రూట్‌లో ముందున్న ఎత్తు చూసి మహబూబ్‌నగర్ దాటగానే లేపేలా, చివరి 10 కిలోమీటర్లలో ఇంటి ప్లగ్గుంటే అసలు లేపకుండా కోడ్ మార్చాలి. ఇంటి కరెంటు ఉండగా పెట్రోల్ కాల్చడం దేనికి?