స్లిప్‌లో కట్ అయిన పీఎఫ్ మీ ఖాతాకు చేరిందా?

రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ ఫ్యాక్టరీల వైపు షిఫ్టు బస్సులెక్కే పిల్లల్లో చాలామంది కంపెనీ రోల్స్‌లో ఉండరు. మధ్యలో ఓ కాంట్రాక్టరు ఉంటాడు. నెలాఖరుకు బ్యాంకులో పడిన మొత్తం చూసుకుంటారే గానీ జీతం స్లిప్ తెరిచేవాళ్లు తక్కువ. తెరిచినా 'పీఎఫ్' (భవిష్య నిధి) అని ఓ అంకె కనబడితే అంతటితో ఊరుకుంటారు. కట్ కావడం వేరు, జమ కావడం వేరు. రెండూ సరిపోయాయో లేదో నెలనెలా చూసుకోవాల్సింది మీరే.

ముందు లెక్క. నెలకు 14,000 అనుకుందాం: బేసిక్, డీఏ (కరవు భత్యం) కలిపి 11,000, స్పెషల్ అలవెన్సు 3,000. చాలాచోట్ల 11,000 మీదే 12 శాతం వేసి 1,320 కట్ చేస్తారు. అందరికీ ప్రతి నెలా ఒకేలా ఇచ్చే స్పెషల్ అలవెన్సు కూడా పీఎఫ్ లెక్కలోకే వస్తుందని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తేల్చింది. అంటే 14,000 మీద 1,680 కావాలి. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) 0.75 శాతం, 105. వృత్తి పన్ను మన ఆంధ్రప్రదేశ్‌లో 15,000 దాటితేనే మొదలు (నెలకు 150, 20,000 దాటితే 200), కాబట్టి ఇక్కడ సున్నా. చేతికి 12,215 రావాలి.

పీఎఫ్ తక్కువ కట్ అయితే చేతికి ఎక్కువ వస్తుంది కదా, మంచిదే అనుకోవద్దు. మీ వైపు 360 తగ్గితే యజమాని వాటాలోనూ 360 తగ్గుతుంది. ఆ రెండోది మీకు ఏ రూపంలోనూ రాదు. బేసిక్‌ను మరీ కుదించి మిగతాదంతా అలవెన్సులుగా చూపించే పద్ధతికి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కళ్లెం వేశాయి. వేతనం లెక్కలోంచి మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనం కిందే లెక్క కట్టాలి.

ఇంకో మోసం ఇంతకంటే ఘోరం. యజమాని కట్టాల్సిన 12 శాతం కూడా కూలీ జీతంలోంచే కోస్తారు. ఆఫర్ కాగితంలో సీటీసీ (మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) అని రాసి యజమాని వాటాను అందులో కలిపి చూపించడం వేరే సంగతి. చేరేటప్పుడు గ్రాస్ జీతమని చెప్పిన దాంట్లోంచి రెండు వాటాలూ కోయడానికి చట్టం ఒప్పుకోదు. స్లిప్‌లో పీఎఫ్ రెండు వరుసల్లో కట్ అయి ఉంటే వెంటనే అడగండి.

ఇక జమ సంగతి. ఈ నెల జీతం మీద పీఎఫ్‌ను వచ్చే నెల 15లోగా కట్టాలి. కాబట్టి 25 ప్రాంతంలో ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ నడిపే ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో మీ పాస్‌బుక్ తెరవండి. పై ఉదాహరణలో ఉద్యోగి వాటా 1,680, యజమాని వాటా 514, పెన్షన్ 1,166 అని మూడు అంకెలు కనబడాలి. యజమాని 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది గనుక రెండో అంకె చిన్నగా ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. యూఏఎన్‌కు (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) జోడించిన ఫోను నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇచ్చినా చివరగా జమ అయిన మొత్తం, బ్యాలెన్సు మెసేజీగా వస్తాయి.

ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది, కాంట్రాక్టరు గుమాస్తా దాన్ని తీసుకెళ్లి చివర పెడతాడు. పెళ్లయిన ఆడపిల్లలకు ఇంటిపేరు మారి ఇంకో చిక్కు. డబ్బు తీసుకునే రోజున క్లెయిము తిరిగొచ్చాక గానీ ఇది బయటపడదు. ఆధార్‌లో ఉన్న పేరే అన్నిచోట్లా ఉండేలా చేరిన వారంలోనే చూసుకోండి. యూఏఎన్ 2017 అక్టోబరు తర్వాతిదై ఆధార్‌తో జోడించి ఉంటే పేరు, పుట్టిన తేదీ లాంటివి యజమాని సంతకం లేకుండా మీరే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు.

కాంట్రాక్టరు మారినప్పుడు ఇంకా జాగ్రత్త. అదే లైను, అదే పని, కానీ కాగితాల మీద యజమాని కొత్తవాడు. పాత పన్నెండు అంకెల యూఏఎన్ ఇవ్వకపోతే కొత్తది పుట్టే ప్రమాదం ఉంది. అప్పుడు డబ్బూ సర్వీసూ రెండు ముక్కలవుతాయి. పాతవాడు 'బయటికి వెళ్లిన తేదీ' వేయకుండా వదిలేస్తే, చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. మారిన ప్రతిసారీ పెన్షన్ డబ్బుతో సహా తీసేసుకోవడం మాత్రం నాకు బొత్తిగా నచ్చని అలవాటు. నెలవారీ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. తీసేసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి.

ఓవర్‌టైమ్ రెట్టింపు రేటుకే ఇవ్వాలి. 14,000ను 26తో, తర్వాత 8తో భాగిస్తే గంటకు 67 రూపాయల చిల్లర. ఓటీ గంటకు 134 పైన రావాలి. అదనపు గంటలకూ మామూలు రేటే ఇచ్చే 'సింగిల్ ఓటీ' అనేది చట్టంలో లేదు.

జమ కాలేదని తేలితే కాంట్రాక్టరుకూ, ఫ్యాక్టరీ హెచ్ఆర్‌కూ కలిపి రాతపూర్వకంగా పంపండి. కాంట్రాక్టరు కట్టకపోతే ఆ బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుంది గనుక హెచ్ఆర్‌కు పంపిన కాగితమే తొందరగా పనిచేస్తుంది. కదలిక లేకపోతే ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో నెలల వారీగా స్లిప్‌లు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐడీ కార్డు ఫొటో జతచేయండి. ఐడీ కార్డును పని మానేసే రోజునే వెనక్కి తీసుకుంటారు, ఫొటో ముందే తీసి పెట్టుకోండి. స్లిప్‌లు యాప్‌లో వచ్చేవైతే నెలనెలా డౌన్‌లోడ్ చేసుకోవాలి. మానేసిన మర్నాడు ఆ లాగిన్ తెరుచుకోకపోవచ్చు.