వయసు కాలమ్‌తో నా పోరాటం

చికిత్సకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి తీసిన ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనితీరును చూపే) స్కాన్ల విశ్లేషణ ఎట్టకేలకు ముగిసింది. తల కదలికల సవరణ, అందరి మెదళ్లనూ ఒకే ప్రామాణిక మూసలోకి తేవడం, స్మూతింగ్ (చిత్రాలను కాస్త నునుపు చేయడం) ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. నన్ను వేధించింది వయసు అనే ఒక్క కోవేరియేట్, అంటే ఫలితంపై ప్రభావం చూపవచ్చని లెక్కలో చేర్చే అదనపు అంశం.

వయసును మోడల్‌లో చేర్చనిదే ఫలితాలను అంగీకరించలేమని సమీక్షకులు రాశారు. జత స్కాన్ల డిజైన్ మ్యాట్రిక్స్‌లో (స్కాన్‌కొక వరుస, అంశానికొక కాలమ్ ఉండే పట్టికలో) ప్రతి వ్యక్తికీ ఒక కాలమ్ ఉంటుంది. రెండు స్కాన్లకూ ఒకే వయసు వేసినప్పుడు, ఆ వయసు కాలమ్‌ను వ్యక్తుల కాలమ్‌లను తగిన పాళ్లలో కలిపి రాబట్టవచ్చు కనుక, దానికంటూ విడిగా అంచనా వేయదగిన ప్రభావం మిగలదు. విశ్లేషణ సాఫ్ట్‌వేర్లలో ఎఫ్ఎస్ఎల్ ర్యాంక్ లోపించిందని (కాలమ్‌లు ఒకదానిపై ఒకటి ఆధారపడ్డాయని) హెచ్చరిస్తుంది, ఎస్పీఎం అంచనాకు అందని కాలమ్‌లను బూడిద రంగులో చూపుతుంది. ఇదంతా వివరించినా గణాంక సలహాదారు వినిపించుకోలేదు సరికదా, సాఫ్ట్‌వేర్ నేర్చుకుని రమ్మని అందరి ఎదుటా అన్నారు. ఆ అవమానం ఇంకా చల్లారలేదు. ఎదుటివారిని చిన్నబుచ్చే ముందు మ్యాట్రిక్స్‌ను ఒక్కసారి తెరిచి చూడటం సలహాదారుల కనీస ధర్మం.

దారి నేనే వెతుక్కున్నాను. ప్రతి వ్యక్తికీ రెండవ స్కాన్ ఫలితం నుంచి మొదటిదాన్ని తీసివేసి, ఆ తేడా చిత్రాలపై సగటు కాలమ్‌నూ (అన్నీ ఒకట్లే ఉండేది), సగటు తీసివేసిన వయసు కాలమ్‌నూ పెట్టాను. అప్పుడు మొదటిది సగటు మార్పును, రెండవది వయసును బట్టి ఆ మార్పు హెచ్చుతగ్గులను చెబుతుంది. వయసు నుంచి సగటును తీసివేయకపోతే మొదటి కాలమ్ సున్నా వయసు వ్యక్తిలోని మార్పును సూచిస్తుంది; దానికి అర్థమే లేదు.

తల కదలికలా స్కాన్ స్కాన్‌కూ మారే కోవేరియేట్‌ను మాత్రం జత మోడల్‌లోనే చేర్చవచ్చు. మూడు, అంతకు మించి స్కాన్లుండి, కొందరివి లోపిస్తే ఏఎఫ్ఎన్ఐ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోని త్రీడీఎల్ఎంఈ ప్రోగ్రామ్ వంటి మిశ్రమ ప్రభావాల మోడల్ (అందరికీ ఉమ్మడి ప్రభావాన్నీ వ్యక్తుల మధ్య తేడాలనూ కలిపి లెక్కించేది) మేలు. అందులో అలాంటి కోవేరియేట్‌ను వ్యక్తి సగటుగానూ, ఆ సగటు నుంచి తేడాగానూ విడదీయాలి, లేకుంటే వ్యక్తుల మధ్య సంబంధమూ వ్యక్తిలోని సంబంధమూ కలగాపులగమవుతాయి.

మ్యాట్రిక్స్ చిత్రాన్ని జతచేసి జవాబు పంపగా సమీక్షకులు అభ్యంతరాన్ని విరమించుకున్నారు. సలహాదారు నుంచి మాత్రం ఇంతవరకు ఒక్క మాట రాలేదు.