పిన్ని కారానికి వెబ్‌సైట్: నాలుగో వారం లాగ్

మా పిన్ని గుంటూరు పట్టాభిపురంలో ఇంట్లోనే కారం చేసి అమ్ముతుంది, మిరపకాయలు తొడిమలు తీసి ఎండబెట్టి దగ్గరుండి మర పట్టించి, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. వెబ్‌సైట్ నేను చేసిస్తాలే అని పండక్కి నోరు జారా. అప్పటికి నాకు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) పేరు తప్ప ఇంకేం తెలీదు. డ్యూటీ అయ్యాక రాత్రి గంట, గంటన్నర కూర్చుంటున్నా, అంతే.

ట్యాగులు (ఏది హెడింగో, ఏది పేరానో చెప్పే గుర్తులు), లింకులు రెండు రోజుల్లో వచ్చేశాయ్, అదేం కష్టం కాదు. పేజీ ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉంది కదా అని ఫ్రీ హోస్టింగ్‌లో (పేజీని నెట్‌లో ఉంచే ఉచిత చోటు) ఎక్కించి ఫోన్లో ఓపెన్ చేస్తే, తెలుగంతా పోయి నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఏ, మళ్లీ డిగ్రీ గుర్తు, జ్వరం చార్టులా ఉంది. సంగతేంటంటే యూటీఎఫ్-8లో (అక్షరాల్ని కంప్యూటర్ అంకెలుగా దాచుకునే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి, మనం చెప్పకపోతే బ్రౌజర్ ఆ మూడిటినీ మూడు వేరే అక్షరాలనుకుని చదివేస్తుంది. హెడ్‌లో (పేజీ కోడ్‌లో మొదటి భాగం) అన్నిటికంటే పైన మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 లైను పెట్టగానే సర్దుకుంది. ఆ కిందే వ్యూపోర్ట్ మెటా కూడా పెట్టేయండి, లేకపోతే ఫోన్లో పేజీ కంప్యూటర్ సైజులోనే కుదించుకుపోయి చీమల బారులా కనపడుద్ది.

ఫొటోలు కూడా రాలేదు. ఫైలు పేరు చివర కెమెరా పెద్దక్షరాల్లో జేపీజీ అని పెట్టింది, నేను కోడ్‌లో చిన్నక్షరాల్లో రాశా. విండోస్‌కి రెండూ ఒకటే, హోస్టింగ్ వాళ్ల లైనక్స్ సర్వర్‌కి కాదు. ఇది కనుక్కోడానికి ఒక రాత్రి పోయింది! ఇప్పుడు ఏ ఫైలు పేరైనా అన్నీ చిన్నక్షరాలే, మధ్యలో స్పేసులు ఉండవ్. పనిలో పనిగా నాలుగేసి ఎంబీల ఫొటోలు 1200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి సేవ్ చేస్తే 200 కేబీ లోపుకి వచ్చాయ్.

సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం తీర్చే కోడ్) తెలుగుకి ముఖ్యంగా చూసుకోవాల్సింది లైన్-హైట్, అంటే అక్షరం సైజుకి ఎన్ని రెట్లు ఎత్తు లైనుకివ్వాలో. ఇంగ్లిష్ పాఠాల్లో హెడింగులకి 1.2 పెట్టమంటారు, అది పెడితే "నువ్వుల కారం"లో వ్వుకి కిందున్న వత్తు వెళ్లి కింది లైన్లో గుడి మీద కూర్చుంది. 1.7 చేశా. హెడింగులకి రామభద్ర ఫాంటు, మిగతాదానికి మండలి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

ఇక డొమైన్, అంటే సైటు అడ్రస్‌కి పెట్టే పేరు. కోడ్ కంటే ఇదే ఎక్కువ టైం తింది. "పిన్ని కారం" అని అందరం ఒప్పుకున్నాం, తీరా ఇంగ్లిష్‌లో కే ఏ ఆర్ ఏ ఎం అని కాగితం మీద రాస్తే బాబాయ్ చూసి "పిన్ని కరమా? అంటే చెయ్యా, పన్నా?" అన్నాడు. నిజమే, అలా రాస్తే కరం అనే చదువుతారు. డబుల్ ఏ పెడితే చదవడానికి బాగుంది, వినడానికి? అందుకని ఒక పని చేశా, ఆరుగురికి ఫోన్ చేసి పేరు నోటితో ఒక్కసారే చెప్పి, విన్నది వాట్సాప్‌లో కొట్టి పంపమన్నా. ముగ్గురు సింగిల్ ఏ, ఇద్దరు డబుల్ ఏ, మా చెల్లి కే పక్కన హెచ్ కూడా తగిలించింది. మధ్యలో హైఫన్ పెడదామా అనుకున్నా, డొమైన్‌లో హైఫన్ ఒప్పుకుంటారు గానీ (మొదట్లో చివర్లో తప్ప) ఫోన్లో "మధ్యలో అడ్డగీత" అని పెద్దాళ్లకి ఎవడు చెప్తాడు. అడ్రస్ మొత్తం తెలుగు లిపిలోనే ఉండే డాట్ భారత్ కూడా దొరుకుద్ది, నాకైతే మనసు లాగింది, కాకపోతే పిన్ని కస్టమర్లలో సగం మందికి ఫోన్లో తెలుగు కీబోర్డే లేదు, పైగా కొన్నిచోట్ల ఆ అడ్రస్ ఎక్స్ ఎన్ రెండు గీతలతో మొదలయ్యే పిచ్చి అక్షరాలుగా కనపడుద్ది.

చివరికి కారం తీసేసి మిర్చి పెట్టా. మళ్లీ అదే ఆరుగురికి ఫోన్, ఆరుగురూ ఒకేలా కొట్టారు! గుంటూరులో ఏ బోర్డు చూసినా అదే స్పెల్లింగ్ కదా. డాట్ ఇన్ తీసుకున్నా. కొనేముందు రెన్యువల్ ధర చూసుకోండి, నేను చూసిన ఒకచోట మొదటేడు 199 అని పెద్దగా ఉంది, రెండో ఏడు నుంచి 899 అని కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అలాగే డొమైన్ మీ ఈమెయిల్ మీదే, మీ పేరు మీదే ఉండాలి, సైటు ఎవరు చేసిపెట్టినా సరే. డీఎన్‌ఎస్‌లో (ఏ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టిక) ఇంగ్లిష్ ఏ అక్షరం పేరున్న రికార్డు ఒకటి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి సీనేమ్ (ఒక పేరు నుంచి ఇంకో పేరుకి దారి చూపే రికార్డు) ఒకటి మార్చా, గంటలో సైటు కొత్త పేరు మీద వచ్చేసింది, ఒక్కోసారి రోజు కూడా పడుద్దంట.

నిన్న పిన్నికి చూపించా. కళ్లజోడు పెట్టుకుని మెల్లగా కిందిదాకా జరిపి, "మన కారం ఇంత ఎరుపుంటదంట్రా? రంగు కలిపారనుకుంటారు, తగ్గించు" అంది. ఫొటో మళ్లీ తీయాలి, ఈసారి ట్యూబ్‌లైట్ కింద కాకుండా పొద్దున్నే డాబా మీద.