నోంగ్రియాట్ మడుగులో ఈత

మేఘాలయ లోయలో ఉన్న నోంగ్రియాట్ అనే పల్లెకు వెళ్ళివచ్చిన వాళ్ళందరూ అక్కడి రెండంతస్తుల వేళ్ళ వంతెన గురించే, అంటే బతికున్న చెట్టు వేళ్ళతో అల్లిన వంతెన గురించే రాస్తారు. వంతెన గొప్పదే, కాదనను. నా మనసు మాత్రం దాన్ని దాటి రెయిన్‌బో జలపాతానికి పోయే దారిలో, బండల నడుమ ఉన్న ఒక మడుగు దగ్గర చిక్కుకుపోయింది.

గువాహటి నుంచి షిల్లాంగ్, అక్కడి బడా బజార్ నుంచి సుమోలో సోహ్రా. ఈ దారి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. బడి పుస్తకాల్లో చిరపుంజి అని చదువుకున్న ఊరే సోహ్రా. మేము వెళ్ళింది మార్చి నెలాఖరున. ఊళ్ళోకి రాగానే కనిపించింది రోడ్డు పక్కన సన్నని పైపు కింద బకెట్లు, ప్లాస్టిక్ డబ్బాల వరుస. నాది అనంతపురం జిల్లా. అలాంటి వరుసల్లో నిలబడే పెరిగాను. కానీ 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా పన్నెండు నెలల్లో 26 మీటర్లకు పైగా వాన కురిసి ప్రపంచ రికార్డులకెక్కిన ఊరిది! మా దగ్గర ఏడాది మొత్తానికి అర మీటరు దాటితే మంచి ఏడాది అంటాం. వానలు లేక మేము ఎండుతుంటే, ఇన్ని వానలు పడీ వీళ్ళకు ఈ గతి ఏమిటని నిజంగా కోపం వచ్చింది.

"కురిసినదంతా కురిసినట్టే లోయలోకి దూకి బంగ్లాదేశ్ వెళ్ళిపోతుంది. పైన మట్టి పలుచన, అడవి నరికేశారు, నీళ్ళు నిలిపే ఏర్పాట్లు చాలవు. చలికాలం వచ్చిందంటే మాకు కరువే" అంది నా స్నేహితురాలు. తను ఆ కొండల్లోని ఖాసీ తెగ అమ్మాయి. హైదరాబాద్‌లో మేమిద్దరం ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. "నీళ్ళు చూడాలంటే కిందికి దిగాలి. పద, పద" అని తెలుగులోనే తొందరపెట్టింది.

సోహ్రా నుంచి, నోంగ్రియాట్‌కు దిగే మెట్లు మొదలయ్యే తిర్నా వరకు టాక్సీ తప్ప వేరే దారి దొరకలేదు. షిల్లాంగ్ నుంచి సుమోలో ఇచ్చినదానికి ఎన్నో రెట్లు ఆ చిన్న దూరానికే అడిగారు. స్నేహితురాలి తమ్ముడు ఖాసీలో బేరమాడినా కొంతే తగ్గింది. తిర్నాలో మా కోసం వాళ్ళ మేనమామ ఎదురుచూస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన భార్య ఊరైన నోంగ్రియాట్‌లోనే స్థిరపడ్డారు. ఖాసీల్లో వంశం తల్లి వైపు నుంచే సాగుతుంది, పుట్టింటి ఇల్లు చిన్నకూతురికి దక్కుతుంది, మేనమామ మాటకు ఇంట్లో గొప్ప విలువ ఉంటుంది. మన ఇళ్ళలో మేనమామకు ఉన్న చనువు ఎరిగినదాన్ని కాబట్టి నేనూ ఆయన్ని "మామా" అనే పిలిచాను. ఆయన నవ్వి, నా చేతిలో ఒక క్వాయ్ పెట్టారు.

క్వాయ్ అంటే పచ్చి వక్క, సున్నం రాసిన తమలపాకు. మన తాంబూలంలో వక్క పొడిగా, గట్టిగా ఉంటుంది. ఇది తడిగా, మెత్తగా, ఘాటైన వాసనతో ఉంటుంది. నమిలిన కాసేపటికే చెవులు వేడెక్కాయి, నుదుటి మీద చెమట పట్టింది, గుండె ఒక్క క్షణం గట్టిగా కొట్టుకుంది. "ఇంకా ఎంత దూరం మామా?" అని అడిగితే, స్నేహితురాలు అడగకుండానే జవాబు చెప్పింది: "ఇంకో రెండు క్వాయ్‌లు." వెనుకటి రోజుల్లో ఖాసీలు దూరాన్ని అలాగే కొలిచేవారట, దారిలో ఎన్ని క్వాయ్‌లు నమిలితే అంత దూరం. ఆ కొండల్లో కిలోమీటరు లెక్క ఎందుకూ పనికిరాదు. దారంతా మెట్లే. మూడు వేలకు పైగా ఉంటాయి. కొన్ని చోట్ల నిచ్చెన దిగుతున్నంత నిటారుగా ఉంటాయి.

ఆ మెట్ల మీద మాకు ఎదురొచ్చినవాళ్ళను మర్చిపోలేను. వీపున ఖో అనే కోసుగా ఉండే వెదురు గంప, దాని బరువంతా నుదుటికి కట్టిన పట్టీ మీద. గంపల నిండా బిర్యానీ ఆకు, చీపురు గడ్డి కట్టలు. మనం మసాలా దినుసుల కొట్లో గుప్పెడు ఆకు కొనుక్కుని ధర ఎక్కువని సణుగుతాం. అది మెడ నరాలు పొంగేలా ఇన్ని మెట్లు ఎక్కి వస్తుందని అక్కడ చూశాకే తెలిసింది. దిగేవాళ్ళ గంపల్లో బియ్యం, గ్యాసు సిలిండరు, నూడుల్స్ పెట్టెలు. అందుకే కింద నూడుల్స్ ధర చూసి పర్యాటకులు గొడవపడుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ ధర న్యాయమైనది. టాక్సీ ధర కాదు.

అడుగుకు వెళ్ళేకొద్దీ గాలి బరువెక్కింది. పోకచెట్లు, పనసచెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, చెవులు గింగురుమనేలా కీచురాళ్ళ రొద. ఉక్కు తీగలతో కట్టిన ఊగే వంతెనల మీద చేతులు వణికాయి. కింద రాళ్ళ మధ్య నీలం రంగు నీళ్ళు. నేను ఆగి చూస్తూ ఉండిపోతే తమ్ముడు వెనక్కి వచ్చి నా సంచి తీసుకున్నాడు.

వేళ్ళ వంతెన దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఎవరో స్పీకరు పెట్టి పాటలు వాయిస్తున్నారు. మామ అవేవీ పట్టించుకోకుండా వంతెన చివర వంగి కూర్చున్నారు. రబ్బరు మర్రి నుంచి చిటికెనవేలంత లావున ఒక లేత వేరు వేలాడుతోంది. దాన్ని మెల్లగా వంచి, పాత వేరు చుట్టూ రెండు మెలికలు తిప్పి, కొసను సందులోకి దూర్చి బొటనవేలితో అదిమారు. అంతే, లేచారు. ఇలా వేళ్ళను వెదురు మీదుగానో, బోలుగా తొలిచిన పోకమాను లోపలి నుంచో అవతలి గట్టుకు పాకించి, అవి మనిషి బరువు మోసేదాకా ఏళ్ళ తరబడి కాచుకుంటారు. కర్రతో, వెదురుతో కట్టినవి ఈ వానలకు కుళ్ళిపోతాయి, వరదకు కొట్టుకుపోతాయి. ఇవి బతికున్న చెట్లు కాబట్టి ఏటేటా బలపడతాయి. కింది వంతెన వరదలో మునిగిపోతోందనే పైన రెండోది అల్లారని మామ చెప్పారు. మేఘాలయలోని ఈ వంతెనల ప్రాంతం 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. స్పీకరు పెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉంటే కాస్త మర్యాదగా ఉండేవారని అనుకుంటాను.

మడుగు అక్కడికి ఇంకా ఒక క్వాయ్ దూరం. మామ ముందుగా నీళ్ళలోకి ఎవరినీ దిగనివ్వలేదు. బండ మీద నిలబడి ఎగువకు చూశారు, పైన పీఠభూమి అంచున మబ్బు ఎలా ఉందో చూశారు, ఒక ఎండుటాకు వేసి అది ఏ వైపు తిరుగుతుందో చూశారు. "ఇటు వైపు దిగండి. ఆ బండ కిందికి మాత్రం పోవద్దు, నీరు లోపలికి లాగుతుంది" అన్నారు.

దిగాను. చల్లదనానికి ఊపిరి ఆగింది. తర్వాత శరీరం తేలికైపోయింది. కాళ్ళ దగ్గరికి చిన్న చిన్న చేపలు వచ్చి చర్మాన్ని కొరుకుతున్నాయి. నిలువు లోతులో నా పాదాల కింద ఉన్న గులకరాళ్ళను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు, అంత తేట.

నాకు ఈత నేర్పింది మా పెదనాన్న, మా ఊరి దిగుడుబావిలో, నడుముకు బెండ్లు కట్టి. అప్పుడు బావిలో నీళ్ళు మూడో మెట్టు వరకు ఉండేవి. నేను పదో తరగతికి వచ్చేసరికి అడుగున బురద మిగిలింది. ఆ తర్వాత బోర్లు వేశారు, అవీ ఎండిపోయాయి. బావిలో ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. ఆ తర్వాత నేను ఈదినవన్నీ క్లోరిన్ వాసన కొట్టే కొలనులే. నోంగ్రియాట్ మడుగులో వెల్లకిలా తేలుతూ పైన ఆకుల సందుల్లోంచి ఆకాశాన్ని చూస్తుంటే పెదనాన్న గొంతు గుర్తొచ్చింది: "తల వదిలెయ్యమ్మా, నీళ్ళే మోస్తాయి." ఏడుపు ఆగలేదు. స్నేహితురాలు చూసి ఏమీ అడగలేదు, పక్కనే తేలుతూ ఉంది.

మధ్యాహ్నం ఆకులో చుట్టి తెచ్చిన అన్నం, తుంగ్‌తాప్ తిన్నాం. కాల్చిన ఎండుచేప, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి నూరిన పచ్చడి అది. తడి బట్టలతో, ఆకలితో తిన్న ఆ అన్నం రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. మళ్ళీ నీళ్ళలోకి దిగబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టారు. మా తలమీద ఎండే ఉంది. పీఠభూమి అంచు మాత్రం కనిపించడం లేదు, నల్లని మబ్బు కప్పేసింది. బంగాళాఖాతం తేమను మోసుకొచ్చే గాలి బంగ్లాదేశ్ మైదానాలు దాటి మొదట తగిలేది ఆ గోడకే. పైన కురిస్తే ఇక్కడ చినుకు పడకుండానే నీరు దిగి వస్తుంది.

మడుగులో ఎక్కడినుంచో వచ్చిన కుర్రాళ్ళ గుంపు ఒకటి ఉంది. మామ బయటికి రమ్మంటే నవ్వారు. "నీళ్ళు ఇంత ప్రశాంతంగా ఉన్నాయి కదా" అన్నాడు ఒకడు హిందీలో. నాకు పట్టరాని కోపం వచ్చి అరిచాను. మామ అరవలేదు. మోకాలి లోతు వరకు దిగి, చెయ్యి చాచి నిలబడ్డారు. అలా ఎంతసేపు నిలబడ్డారంటే, చివరికి వాళ్ళలో పెద్దవాడు సిగ్గుపడి ఆ చెయ్యి పట్టుకుని పైకి వచ్చాడు. మిగిలినవాళ్ళూ వచ్చారు. కొంతసేపటికి ఎగువ నుంచి నురగ, దాని వెనుక ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. తేటగా ఉన్న మడుగు మా కళ్ళ ముందే టీ రంగుకు తిరిగింది. మేము అన్నం తిన్న బండ మీదికి జానెడు నీరు ఎక్కింది. వానాకాలమైతే ఆ బండే కనిపించదన్నారు మామ. కుర్రాళ్ళు దండాలు పెట్టారు. స్థానికుల మాట వినని పర్యాటకుల గురించి నేను ఇంకా చాలా రాయగలను, కానీ ఆ కుర్రాడి ముఖం గుర్తొచ్చి ఆపేస్తున్నాను.

రాత్రి మామ ఇంట్లోనే పడుకున్నాం. మర్నాడు మెట్లెక్కుతుంటే పిక్కలు రాళ్ళయ్యాయి, దాని గురించి రాయాలని కూడా లేదు. తిర్నాలో డబ్బు ఇవ్వబోతే మామ నొచ్చుకున్నారు. మేము తీసుకెళ్ళిన వేరుశనగ చిక్కీ ఆయనకు బాగా నచ్చిందని, అదైతే పంపమని చెప్పారు. వేరుశనగకు మా జిల్లాలో కొదవ లేదు. మా అమ్మ ఇప్పటికే పల్లీలు వేయించి, బెల్లం పాకం పట్టడానికి సిద్ధంగా ఉంది. షిల్లాంగ్ వరకు పార్సిల్ వెళుతుంది. అక్కడి నుంచి తమ్ముడు తిర్నాకు చేర్చాలి. ఆ పైన ఎవరి గంపలోనో మెట్లు దిగాలి. వానలు మొదలుకాకముందే చేరితే బాగుంటుంది.