రెండు మీద ఎట్ ది రేట్ నొక్కితే కొటేషన్ పడుతోంది

మొన్న ఒక ఆదివారం ఉదయం తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేసి, తన ల్యాప్‌టాప్‌లో ఎట్ ది రేట్ గుర్తు పనిచేయడం మానేసిందని చెప్పారు. రెండు అంకె మీద ఆ గుర్తు స్పష్టంగా అచ్చయి ఉన్నా, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే తెరమీద కొటేషన్ గుర్తు పడుతోందట. మెయిల్‌లోకి వెళ్లలేకపోవడం ఒక ఎత్తయితే, పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు పడటంతో బ్యాంకు ఖాతాకు ఆన్‌లైన్‌లో తాళం పడటం మరో ఎత్తు. దగ్గరలోని రిపేరు దుకాణంలో చూపిస్తే కీబోర్డు మొత్తం మార్చాలనీ, రెండు వేల ఎనిమిది వందలు అవుతుందనీ చెప్పారట. ముప్పై ఏళ్లు ప్రెస్సులో కంపోజిటర్‌గా, అంటే కేసు అనే గడుల పెట్టెలోంచి టైపు అనే అచ్చు అక్షరాలు ఏరి పేర్చే పని చేసిన మనిషి కావడంతో ఆయన బాధ వేరే రకంగా ఉంది. "ఒరేయ్, ఒక్క టైపు అరిగితే కేసంతా మార్చేస్తారట్రా?" అన్నారు.

నేను ఒక్కటే అడిగాను: షిఫ్ట్ పట్టుకుని మూడు నొక్కితే ఏం వస్తుందో చూసి చెప్పమన్నాను. అక్కడ హ్యాష్ గుర్తు (#) రావాలి. కాసేపు ఆగి, "ఇంగ్లండు వాళ్ల పౌండు గుర్తు వస్తోందిరా" అన్నారాయన. దాంతో జబ్బేమిటో తెలిసిపోయింది. ఎంటర్ మీటకు ఎడమపక్కనున్న కొటేషన్ మీటను షిఫ్ట్‌తో నొక్కమన్నాను. ఇన్నాళ్లూ కనిపించకుండా పోయిన ఎట్ ది రేట్ అక్కడ నిక్షేపంగా ఉంది. మీటలు బాగానే ఉన్నాయి. కంప్యూటరు మాత్రం తన ముందున్నది బ్రిటన్ కీబోర్డు అనుకుంటోంది.

అలా ఎందుకు అనుకుంటోందో కూడా నాకు వెంటనే గుర్తొచ్చింది, చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉన్నా. అంతకు రెండు వారాల ముందు ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ ఎక్కించింది నేనే. మొదట్లో భాష ఎంచుకోమన్నప్పుడు, మనం బడిలో చదువుకున్నది బ్రిటిష్ ఇంగ్లీషే కదా, తేదీలో రోజు ముందు వస్తుంది, స్పెల్లింగులు మనకు అలవాటైనవే ఉంటాయి అనుకుని ఇంగ్లీష్ యునైటెడ్ కింగ్‌డమ్ అని నొక్కేశాను. ఆ ఎంపికతో పాటు కీబోర్డు అమరిక కూడా దానంతటదే బ్రిటన్‌ది అయిపోతుంది. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌ల మీటలపైన అచ్చయి ఉండేది దాదాపుగా అమెరికా అమరిక. బాబాయి రోజూ కొట్టుకునేది తెలుగులో, దానికి ఎట్ ది రేట్‌తో పని లేదు కాబట్టి రెండు వారాల దాకా ఈ తేడా బయటపడలేదు.

ఫోన్‌లోనే చెప్పి సరిచేయించవచ్చు. అయినా పిన్ని చేతి పులిహోర తిని చాలా రోజులైంది, విజయవాడ నుంచి తెనాలి ఎంతో దూరమూ కాదు. మధ్యాహ్నానికల్లా రైలెక్కి వెళ్లాను.

వెళ్లాక ముందుగా విండోస్ మీటతో పాటు కంట్రోల్, ఓ నొక్కి తెరమీద కనిపించే కీబోర్డును తెరిచాను. దానిలో షిఫ్ట్ నొక్కగానే రెండు అంకె ఉన్న గడిలో కొటేషన్ గుర్తు ప్రత్యక్షమైంది. చేతి కింద మీట మీద ఒక గుర్తు, తెరమీద అదే మీట మీద ఇంకో గుర్తు కనిపించేసరికి బాబాయి కళ్లజోడు సవరించుకుని రెండింటినీ మార్చి మార్చి చూశారు. మీటకు అక్షరంతో సంబంధం లేదనీ, కీబోర్డు పంపేది ఫలానా స్థానంలో ఉన్న మీట నొక్కారన్న సంఖ్య మాత్రమేననీ చెప్పాను. యూఎస్‌బీ కీబోర్డులో రెండు అంకె ఉన్న మీట సంఖ్య 31, ఎడమ షిఫ్ట్ సంఖ్య 225. ఈ రెండూ కలిసి వస్తే ఏ గుర్తు వేయాలో తేల్చేది విండోస్‌లో ఉన్న పట్టిక. ఆయనకు ఇంతకు మించి వివరించాల్సిన అవసరం రాలేదు. కంపోజిటర్ కేసులోకి చూడడనీ, చెయ్యి దానంతటదే గడిలోకి పోతుందనీ, కొత్త కుర్రాడెవడైనా టైపు తిరిగి సర్దేటప్పుడు ఒక గడిది ఇంకో గడిలో పోస్తే ప్రూఫు చూసేదాకా తప్పు తెలిసేది కాదనీ ఆయనే చెప్పుకొచ్చారు. "అయితే నా కేసు సర్దిన కుర్రాడివి నువ్వేనన్నమాట" అని కూడా అన్నారు, అనిపించుకున్నాను.

రెండు దేశాల మధ్య ఈ తేడా ఎందుకొచ్చిందన్నది నాకు మొదటినుంచీ ఆసక్తి ఉన్న విషయం. కంప్యూటర్లలో అక్షరాలకూ గుర్తులకూ తలా ఒక సంఖ్య ఇచ్చే ఆస్కీ సంకేతాలు 1963లో వెలువడ్డాయి. తర్వాత స్థిరపడిన వాటి రూపంలో రెండు అంకెకు 50, కొటేషన్ గుర్తుకు 34 కేటాయించారు. రెంటికీ తేడా సరిగ్గా 16, అంటే కంప్యూటరు సున్నా, ఒకట్లలో రాసుకునే ఆ సంఖ్యలో ఒకే ఒక్క అంకె (బిట్). టైపు చేసిన సందేశాన్ని తీగ మీదుగా పంపే ఆ కాలపు టెలిటైప్ యంత్రాల్లో షిఫ్ట్ చేసే పని ఆ ఒక్క బిట్‌ను మార్చడమే కనుక, రెండు మీద కొటేషన్ ఉండటం యంత్రానికి సులువు. ఐబీఎం విద్యుత్ టైపురైటర్ల అలవాటులో పడ్డ అమెరికా తరువాత రెండు మీద ఎట్ ది రేట్‌ను ఉంచుకుంది, బ్రిటన్ కొటేషన్‌నే అట్టేపెట్టుకుంది. జపాన్ కీబోర్డుల్లోనూ ఇప్పటికీ రెండు మీద ఉండేది కొటేషనే. 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు మెయిల్ చిరునామాకు ఎట్ ది రేట్‌ను ఎంచుకోకపోయి ఉంటే మా బాబాయి లాంటి వాళ్లకు ఈ గుర్తు ఎక్కడుందో వెతుక్కోవలసిన పనే పడేది కాదు.

ఇక సరిచేసిన విధానం. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరిచి, అక్కడున్న బ్రిటన్ ఇంగ్లీషుకే ఇంగ్లీష్ ఇండియా కీబోర్డును జోడించి, అది వచ్చిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే బ్రిటన్ కీబోర్డును తొలగించాను. ఒక భాషకున్న ఒక్క కీబోర్డునూ ముందే తీసేయాలంటే విండోస్ ఒప్పుకోదు, కాబట్టి ఈ వరుస తప్పకూడదు. అమెరికా అమరికను పెట్టుకున్నా సరిపోతుంది గానీ, ఇండియా అమరికలో మిగతా గుర్తులన్నీ మీటల మీద అచ్చయినట్టే ఉంటూ, కుడి ఆల్ట్‌తో నాలుగు నొక్కితే 2010లో వచ్చిన మన రూపాయి గుర్తు (₹) కూడా పడుతుంది. బాబాయికి అన్నిటికంటే నచ్చింది ఇదే.

అక్కడితో అయిపోయిందనుకుని టీ తాగి వచ్చేసరికి ల్యాప్‌టాప్ లాక్ అయి ఉంది. బాబాయి పాస్‌వర్డ్ కొడితే తప్పు అంది. రెండోసారీ అంతే. ఆయన నా వైపు చూసిన చూపులో రిపేరు దుకాణమే నయమన్న భావం కనిపించింది. కాసేపు ఆలోచించాక తెలిసిందేమిటంటే, ఆ పాస్‌వర్డును ఆయన పెట్టుకున్నది బ్రిటన్ అమరిక ఉన్నప్పుడు. రెండు మీద గుర్తు చూసుకుని ఎట్ ది రేట్ అనుకుంటూ కొట్టారు, తెరమీద చుక్కలే కనిపిస్తాయి కనుక లోపల పడింది కొటేషన్ గుర్తని ఎవరికీ తెలియలేదు. రోజూ అదే తప్పు అదే విధంగా చేస్తున్నారు కాబట్టి తలుపు తెరుచుకుంటోంది. నేను అమరికను సరిచేసిన క్షణం నుంచి ఆయన సరైన గుర్తు కొడుతున్నారు, అందుకే మొరాయించింది. బ్యాంకుది దీనికి సరిగ్గా తలకిందులు. ఆ పాస్‌వర్డు ఫోన్‌లో పెట్టినది, అందులో ఉన్నది అసలైన ఎట్ ది రేట్, ల్యాప్‌టాప్ నుంచి వెళ్లింది మూడుసార్లూ కొటేషన్. ఈసారి కొటేషన్ గుర్తునే కొట్టించి లోపలికి వెళ్లి, పాస్‌వర్డు మార్పించాను. లాగిన్ తెర వేరే అమరికను పట్టుకుని ఉండే అవకాశం ఉంది కాబట్టి, అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో కాపీ సెట్టింగ్స్ నొక్కి వెల్‌కమ్ తెరకు కూడా కొత్త అమరికనే వర్తింపజేశాను.

ఆయన ల్యాప్‌టాప్‌లో తెలుగు కొట్టుకోవడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక కూడా ఉంది. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ పొరపాటున కలిసి పడితే ఇంగ్లీషు కొడుతున్న మనిషికి ఉన్నట్టుండి తెలుగు వస్తుంది, ఏడు మీద గుర్తు కోసం షిఫ్ట్ నొక్కితే క్ష పడుతుంది. ఆ అడ్డదారిని తీసేసి, విండోస్ మీటతో స్పేస్ నొక్కి భాష మార్చుకోవడం మాత్రం ఉంచాను.

అన్ని తప్పులూ ఇలాంటివే కావు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో యు, ఐ, ఓ నొక్కితే 4, 5, 6 వస్తుంటే అది కొన్ని అక్షరాల మీటల్ని అంకెల మీటలుగా మార్చే నమ్‌లాక్ పని. టీ ఒలికాక ఒక మీట నొక్కితే రెండు మూడు అక్షరాలు పడుతుంటే, లేదా ఒకసారి పడి ఒకసారి పడకపోతుంటే, అది నిజంగా కీబోర్డు జబ్బే. తేడా తెలుసుకోవాలంటే బయటి యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి చూడటం మంచిది. దానిలోనూ అవే తప్పులు అదే వరుసలో వస్తే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టవచ్చు.

నేను బయలుదేరే ముందు బాబాయి పాస్‌వర్డులు రాసుకునే చిన్న డైరీ తీశారు. అలా రాసి పెట్టుకోవద్దని చాలాసార్లు చెప్పాను, వినరు. ల్యాప్‌టాప్ పాస్‌వర్డు ఉన్న వరుసలో పాతది కొట్టేసి కొత్తది రాసి, మార్జిన్‌లో ప్రూఫు దిద్దేటప్పుడు పెట్టే గుర్తు పెట్టి, కింద ఆ రోజు తేదీ వేశారు.